పొట్టి గేరు

లిఫ్టులో అందరిదీ ఒకటే ప్రశ్న:
"ఎంత ఇస్తుంది మేడమ్?"
లీటరుకి పదకొండు, అంటాను.
పదకొండేనా, అంటూ వాళ్ల మొహాలు
మూడో అంతస్తు రాకముందే దిగిపోతాయి.

నా ప్రశ్నలు వేరు.
పాత బ్యాంకు డైరీలో వెనక పేజీ నుంచి రాసుకుని
జె.సి. రోడ్డు వెనక సందులో
ఖాదర్‌వలి షెడ్డుకి పట్టుకెళ్లాను.
కదిరి నుంచి వచ్చి ముప్పయ్యేళ్లు.
కన్నడంలో బేరమాడతాడు, ఉర్దూలో తిడతాడు,
ఇంజను సంగతి మాత్రం తెలుగులోనే చెబుతాడు.

పెద్ద గేరు పక్కన ఈ పొట్టి కర్ర ఎందుకు?

"అది తొందర లేనోళ్ల గేరు మేడమ్.
బండి పూర్తిగా ఆపల్ల. క్లచ్చి తొక్కల్ల. అప్పుడు దించల్ల.
పోతా పోతా మార్చినారంటే
పళ్లు దానివి రాలతాయి, డబ్బులు మీవి."

రోజూ నాలుగు చక్రాలకీ బలమిచ్చి నడపొచ్చా?

"తారు రోడ్డు మీద వద్దు.
మలుపులో ముందు చక్రానిది ఒక దూరం, వెనక దానిది ఒక దూరం.
రెండింటినీ కలిపి కట్టేస్తే లోపల్లోపల మెలి పడతాది.
బురదైతే కాస్త జారి సర్దుకుంటాయి.
గట్టి నేల మీదనే కష్టం."

ఆ చివరి మాట కింద గీత గీసుకున్నాను.
ఎందుకో అతను అడగలేదు.

మరి నీళ్లలో?

మోకాలికి జానెడు పైన అరచెయ్యి అడ్డం పెట్టి చూపించాడు.
"అంతవరకే. మధ్యలో ఆగిపోయిందా,
మళ్లీ తాళం తిప్పొద్దు.
నీళ్లు తాగినోణ్ణి లేపి పరిగెత్తించినట్టు, లోపల కడ్డీలు వంగిపోతాయి.
నెట్టించుకోండి. సిగ్గుపడొద్దు."

చివరి ప్రశ్న కొట్టేసి ఉంది.
ఖాదర్‌వలి అదీ చదివేశాడు:
యాభై ఆరేళ్లకి ఇది కొనడం తెలివితక్కువేనా?
గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని
"టైర్లలో గాలి ఎంతుందో చూసినారా?" అన్నాడు.

నెలకోసారైనా పొట్టి గేరు వాడమన్నాడు,
లేకపోతే కీళ్లు బిగుసుకుంటాయట.
ఎక్కడ వాడను?
సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు.
కొండలెక్కే బండి స్పీడ్ బ్రేకర్లెక్కుతోంది.
డెలివరీ కుర్రాడొకడు
నా అద్దంలో తల దువ్వుకుని వెళ్లిపోయాడు.

హొసకోటె దాటాక
ఇంకా లేఅవుట్ కాని రాగి చేను.
హద్దురాళ్లు పాతేశారు, విల్లాల బొమ్మ నిలబెట్టేశారు,
రాత్రి కురిసిన వానకి మాత్రం
ఎవరూ అడ్వాన్స్ ఇచ్చినట్టు లేదు.

టైర్ల గాలి ఇరవైకి దించాను.
ఆపాను. తొక్కాను. దించాను.
పది గజాలు వెళ్లానో లేదో, గుంట.
బండి ఒరిగి, ముందు ఎడమ చక్రం గాల్లోకి లేచింది.

లేచిందే గిర్రున తిరుగుతోంది.
పట్టు లేనిదానికే బలమంతా పోతోంది.
నేలని కరుచుకున్నది ఊరికే నిలబడి చూస్తోంది.
శేషాచలపతి గారి పక్క కౌంటర్లో
ఇరవై ఆరేళ్లు కూర్చున్నదాన్ని,
ఈ ఇంజనీరింగ్ నాకు కొత్త కాదు.

"అప్పుడు అందరూ భయపడి కాలు తీసేస్తారు మేడమ్.
మీరు తియ్యొద్దు.
తిరిగేదాన్ని బండే పట్టుకుంటాది,
బలాన్ని రెండోదానికి ఇస్తాది.
దానికి కొంచెం టైమియ్యల్ల."

తియ్యలేదు.
కాలు వణికింది, అక్కడే ఉంచాను.
లోపల ఎక్కడో టకటకటక,
ఏదో దేన్నో పట్టుకుంది.
మనిషి నడకకంటే నిదానంగా,
మట్టిని నములుతూ,
నాలుగు చక్రాలూ గట్టెక్కాయి.

రేకుల గుడిసెలోంచి కాపలాదారు బయటికొచ్చాడు,
చేతిలో సగం తరిగిన ఉల్లిపాయతో.
బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బురద వంక చూసి
"ఎష్టు కొడుత్తె మేడమ్?" అన్నాడు.

పదకొండు, అన్నాను.
ఇవాళ ఐదు కూడా ఇచ్చి ఉండదు.

"పరవాగిల్ల," అన్నాడు, తల ఊపి.

ఇంటికి ముప్పై కిలోమీటర్లు, అంతా గట్టి నేల.
గాలి తిరిగి కొట్టుకునే పంపు
తెచ్చుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.
డైరీలో లేని ప్రశ్న అదొక్కటే.